భూకంపం – ప్రకంపన – అదురు: పదచరిత్ర, గోదావరి లోయ బొగ్గుబెల్టు నేపథ్యం

వ్యాససంగ్రహం

నేల కదలికకు తెలుగులో స్థిరపడిన పేరు 'భూకంపం'. ఈ పదం కదలికను చెబుతుంది, కదిలించినదేమిటో చెప్పదు. రామగుండం, గోదావరిఖని ప్రాంతంలో నేలను కదిలించే శక్తులు రెండు. ఒకటి భూగర్భంలోని భ్రంశాల కదలిక, రెండోది ఓపెన్‌కాస్టు గనుల్లో జరిగే బ్లాస్టింగ్. ఈ రెంటికీ నేటి వ్యవహారంలో 'ప్రకంపనలు' అనే ఒకే మాట చెల్లుతోంది. భూకంప శబ్దం వ్యుత్పత్తిని, దానికి సాటివచ్చే దేశిపదాలను, ప్రకంపన శబ్దం పొందిన అర్థవిపర్యయాన్ని పరిశీలించి, పదప్రయోగంలో పాటించవలసిన కారణభేదాన్ని నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: భూకంపం, ప్రకంపన, అదురు, అర్థపరిణామం, గోదావరి లోయ, సింగరేణి, బ్లాస్టింగ్.

1. ఉపోద్ఘాతం

2024 డిసెంబరు 4వ తేదీ ఉదయం 7 గంటల 27 నిమిషాల ప్రాంతంలో ములుగు జిల్లాలో 5.3 పరిమాణం గల భూకంపం సంభవించింది. దాని నాభి సుమారు 40 కిలోమీటర్ల లోతున ఉన్నట్లు జాతీయ భూకంప అధ్యయన కేంద్రం నమోదు చేసింది. హైదరాబాదు వరకూ, గోదావరి పొడవునా బొగ్గుగనుల పట్టణాల్లోనూ నేల కదిలింది. అంతకు మూడేళ్ల ముందు, 2021 అక్టోబరు 23న కరీంనగర్‌కు ఈశాన్యంగా, అంటే రామగుండం దిక్కున, 4.0 పరిమాణం గల భూకంపం నమోదైంది.

ఇటువంటి సందర్భాల్లో వార్తల్లో రెండు మాటలు పక్కపక్కన కనిపిస్తాయి: భూకంపం, భూప్రకంపనలు. మొదటిది పెద్దదానికీ రెండోది చిన్నదానికీ వాడటం పరిపాటి. అయితే బొగ్గుబెల్టులో 'ప్రకంపనలు' అనే మాటకు మరో నిత్యవ్యవహారం ఉంది. ఓపెన్‌కాస్టు గనికి దగ్గరలోని ఇళ్ల గోడలు బ్లాస్టింగ్ వేళ కదిలితే దానికీ అదే పేరు. గోడ మీద బీట కనిపించినప్పుడు అది ప్రకృతి పనా, మనిషి పనా అన్న ప్రశ్నకు జవాబు ఆ మాటలో దొరకదు. పదచరిత్ర చర్చ ఇక్కడ నిత్యజీవితాన్ని తాకుతుంది.

2. భూకంప శబ్ద నిర్మాణం

'భూకంపం' తత్సమపదం. సంస్కృతంలో 'భూ', 'కంప' శబ్దాల షష్ఠీ తత్పురుష సమాసం. భూమి యొక్క కంపం అని విగ్రహం. 'కంప' శబ్దానికి మూలం చలనార్థకమైన 'కపి' ధాతువు. సంస్కృతంలో పుంలింగమైన 'భూకంపః' తెలుగులో మువర్ణకాన్ని చేర్చుకొని 'భూకంపము', వ్యవహారంలో 'భూకంపం' అయింది. పూర్వపదాన్ని మార్చి క్షితికంపం, మహీకంపం అనే పర్యాయాలనూ కల్పించుకోవచ్చు. సి.పి. బ్రౌన్ నిఘంటువు వెలువడిన 1852 నాటికే భూకంపము తెలుగులో స్థిరపడిన మాట.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ముళ్లకొమ్మల అర్థంలోని 'కంప', వాసన అర్థంలోని 'కంపు' దేశిపదాలు. భూకంపంలోని కంపంతో వాటికున్నది ధ్వనిసామ్యమే గాని సంబంధం కాదు.

'కంప' శబ్దం మొదట శరీరానికి చెందిన మాటగా శాస్త్రాల్లో విరివిగా కనిపిస్తుంది. అలంకారశాస్త్రం చెప్పే ఎనిమిది సాత్త్వికభావాల్లో 'వేపథువు' ఒకటి. దానికి కంపమనే అర్థం. సంగీతశాస్త్రంలో స్వరాన్ని ఊపి పలికే గమకానికి 'కంపితం' అని పేరు. భయంతో, జ్వరంతో, ఆనందంతో మేను కంపిస్తుంది. అదే మాటను నేలకు అన్వయించినప్పుడు భూమిని ఒక దేహంగా చూసే దృష్టి పదంలోనే నిలిచిపోయింది. కానీ దేహం ఎందుకు కంపించిందో ఆ మాట చెప్పదు. భయమా, చలా, రోగమా అన్నది సందర్భాన్ని బట్టి తెలియవలసిందే. భూకంపం విషయంలోనూ ఇదే పరిస్థితి.

3. పేరు ఒకటి, కారణాలు అనేకం

కారణాన్ని పదం చెప్పనందున కారణచర్చకు శాస్త్రగ్రంథాల్లో విశాలమైన చోటు దొరికింది. క్రీ.శ. 6వ శతాబ్దికి చెందిన వరాహమిహిరుని బృహత్సంహితలో 32వ అధ్యాయం భూకంప లక్షణానికి సంబంధించినది. దాని ఆరంభంలోనే నాలుగు మతాలు కనిపిస్తాయి. నీటిలో నివసించే మహాప్రాణి వల్ల నేల కంపిస్తుందని కొందరు, భూభారంతో అలసిన దిగ్గజాలు సేదతీరే వేళ కంపిస్తుందని మరికొందరు, గాలి గాలిని ఢీకొని శబ్దంతో నేలమీద పడటం వల్లనని ఇంకొందరు, అదృష్టం అంటే కంటికి కనిపించని కర్మఫలం వల్లనని వేరొకరు చెప్పారని ఆ గ్రంథం పేర్కొంటుంది. ఆ తరువాత వాయు, అగ్ని, ఇంద్ర, వరుణ మండలాలుగా భూకంపాలను విభజించి ఫలాలను చెబుతుంది.

గాలి కారణమన్న భావన ప్రాచీన గ్రీకుల్లోనూ ఉంది. భూగర్భంలో చిక్కుకొన్న వాయువు వల్ల నేల కదులుతుందని అరిస్టాటిల్ వివరించాడు. తెలుగువారి వాడుకలో భూభారాన్ని మోసే ఆదిశేషుడు తల మార్చుకోవడం వల్ల నేల కదులుతుందన్న పురాణభావన బలంగా నిలిచింది. ఇందులో గమనించవలసిన అంశమొకటి. శేషుడు, దిగ్గజం, వాయువు, కర్మ అంటూ కారణాలు మారుతూ వచ్చాయి గాని పేరు మారలేదు. ఆధునిక భూభౌతికశాస్త్రం వచ్చి శిలాఫలకాలను, భ్రంశాలను చూపిన తరువాత కూడా అదే పేరు కొనసాగింది. ఏ సిద్ధాంతానికీ కట్టుబడని పదం కావడమే దాని దీర్ఘాయువుకు కారణంగా భావించవచ్చు.

4. దేశిపదాలు: అదురు, వణుకు, దద్దరిల్లు

తెలుగులో నేల కదలికను చెప్పడానికి దేశిధాతువులకు కొదవ లేదు. వాటిలో ప్రధానమైనది 'అదురు'. తమిళంలో 'అదిర్', కన్నడంలో 'అదిరు' దీనికి సజాతీయాలు. అందువల్ల ఇది ద్రావిడభాషల ప్రాచీన సంపదకు చెందిన మాట. 'వణుకు', 'వడకు', 'నడుకు' మరో వరుస. తమిళంలో భూకంపాన్ని 'నిలనడుక్కం' అంటారు; అందులోని రెండో భాగం తెలుగు 'నడుకు'తో సంబంధం ఉన్నదే. తమిళం దేశిధాతువుతో సమాసాన్ని కట్టుకొని దాన్నే శాస్త్రపదంగా నిలుపుకోగా, తెలుగు, కన్నడాలు సంస్కృత సమాసాన్ని స్వీకరించాయి. మలయాళంలో 'భూకంపం', 'భూమికులుక్కం' రెండూ సాగుతున్నాయి.

'అదురు' తెలుగులో శాస్త్రపదం కాకపోవడానికి దాని అర్థవిస్తృతి ఒక కారణం కావచ్చు. కన్ను అదరడం శకునం, గుండె అదరడం భయం, పెదవి అదరడం ఆవేశం. ఇటీవలి దశాబ్దాల్లో సినిమా, యువజన వ్యవహారం ప్రభావంతో 'అదిరింది' అంటే అద్భుతంగా ఉందన్న ప్రశంస కూడా అయింది. ఇన్ని భావాలు మోసే మాటను ఒక విపత్తుకు పేరుగా బిగించడం కష్టం.

అయినా దేశిపదాల్లో ఒక సూక్ష్మభేదం ఉంది. భూకంపాన్ని అనుభవించినవారు 'భూమి కదిలింది', 'ఇల్లు ఊగింది' అంటారు. పేలుడు, ఉరుము, ఫిరంగి మోత వంటి వాటికి 'దద్దరిల్లింది' అంటారు. 'దద్దరిల్లు'లో కదలికతోపాటు ధ్వని కూడా ఉంది. ధ్వని ఉన్నచోట ధ్వనికి మూలమూ ఉండాలి. అంటే కదలికకు సమీపంలోనే ఒక హేతువున్నదన్న స్ఫురణ ఈ క్రియలో ఇమిడి ఉంది. తత్సమ శాస్త్రపదాలు పోగొట్టుకొన్న వివక్షను వాడుకభాష ఈ విధంగా నిలుపుకొంది.

వాక్యనిర్మాణంలోనూ ఇటువంటి భేదమే కనిపిస్తుంది. వాన వచ్చింది, వరద వచ్చింది, భూకంపం వచ్చింది అనడం తెలుగు పద్ధతి. ఈ వాక్యాల్లో విపత్తే కర్త. దాన్ని తెచ్చినవారు లేరు. 'బ్లాస్టింగ్ చేశారు' అన్నప్పుడు మాత్రం క్రియలోని బహువచన ప్రత్యయం చేసినవారిని సూచిస్తుంది. 'ప్రకంపనలు వచ్చాయి' అనే వాక్యం రెండో విషయాన్ని మొదటి చట్రంలోకి మార్చి చెబుతుంది. అందులో బ్లాస్టింగ్ చేసినవారు అదృశ్యమవుతారు.

5. జల్‌జలా, భూచాల్: ఇరుగుపొరుగు పదాలు

సింగరేణి గనుల తొలిచరిత్ర నిజాం రాజ్యంలో సాగింది. 1871లో భారత భూగర్భ సర్వేక్షణ సంస్థకు చెందిన విలియం కింగ్ ఇల్లెందు ప్రాంతంలో బొగ్గును గుర్తించాడు. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ తవ్వకపు హక్కులు పొందింది. 1920 డిసెంబరు 23న సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడింది. నాటి రాజ్యంలో అధికారభాష ఉర్దూ. ఉర్దూలో భూకంపానికి 'జల్‌జలా' అని పేరు. అరబీలో ద్విరుక్త ధాతువు నుంచి ఏర్పడిన ఈ మాటలోనే మళ్లీమళ్లీ కదలడమన్న భావం ధ్వనిస్తుంది. ఖురాన్‌లో 99వ సూరా పేరు ఇదే. తెలుగులో ఒళ్లు 'జలదరించడం' అనే దేశిపదంతో దీనికి ధ్వనిపోలికే గాని చుట్టరికం లేదు. హిందీ 'భూచాల్'లో రెండో భాగానికి కదలిక అని అర్థం.

ప్రపంచభాషల్లోనూ ఇదే తీరు. గ్రీకు 'సీస్మోస్' అంటే ఊపు. దాని ఆధారంగానే 19వ శతాబ్ది మధ్యలో రాబర్ట్ మాలెట్ 'సీస్మాలజీ' అనే శాస్త్రనామాన్ని కల్పించాడు. లాటిన్ 'టెర్రే మోటుస్', జపనీస్ 'జిషిన్' రెండింటికీ భూమి కదలిక అనే అర్థం. ఈ పేర్లలో ఏదీ కారణాన్ని చెప్పదు. కాబట్టి కారణం పట్ల మౌనం తెలుగు పదానికి మాత్రమే ఉన్న లోపం కాదు. ఈ పేర్లన్నీ మనిషి అనుభవించినదాన్ని మాత్రమే నమోదు చేశాయి.

6. ప్రకంపన: ఒక అర్థవిపర్యయం

'ప్రకంపన'లోని 'ప్ర' ఉపసర్గకు ప్రకర్ష, అంటే ఆధిక్యం, ప్రసిద్ధమైన అర్థం. భీకరం కన్నా ప్రభీకరం ఎక్కువ. చండం కన్నా ప్రచండం ఎక్కువ. ఈ లెక్కన కంపం కన్నా ప్రకంపనం పెద్దది కావాలి. అమరకోశం 'ప్రకంపన' శబ్దాన్ని మహావాతానికి, అంటే పెనుగాలికి పేరుగా చెప్పడం ఈ అర్థాన్నే బలపరుస్తుంది. చెట్లను కూకటివేళ్లతో ఊపే గాలి ప్రకంపనం.

నేటి తెలుగులో ఈ వరుస తలకిందులైంది. 'స్వల్ప ప్రకంపనలు' అనడం సహజంగా వినిపిస్తుంది. 'స్వల్ప' విశేషణం లేకున్నా ప్రకంపనలంటే చిన్నవేనన్న భావం స్థిరపడింది. ఈ మార్పుకు రెండు హేతువులు ఊహించవచ్చు. మొదటిది బహువచన ప్రయోగం. భూకంపం ఏకవచనంలో ఒక మహాసంఘటనగా నిలిస్తే, ప్రకంపనలు బహువచనంలో చిన్నచిన్న కదలికల వరుసగా తోస్తాయి. రెండోది అనువాద అవసరం. ఆంగ్లంలో చిన్న కదలికకూ, యంత్రాల కదలికకూ, అలల కదలికకూ ఉన్న వేర్వేరు మాటలన్నింటికీ 'ప్రకంపన' ఒక్కటే సమానార్థకంగా వాడుకలోకి వచ్చింది. రాజకీయ వార్తల్లోని 'ప్రకంపనలు సృష్టించిన' వ్యాఖ్యలు అదే విస్తరణకు కొనసాగింపు.

అర్థం మారడం భాషకు సహజం. దాన్ని తప్పుగా లెక్కించనక్కరలేదు. కానీ మారిన అర్థం ఏ విభజనను నిలుపుతోందో పరిశీలించాలి. నేటి వాడుకలో భూకంపం, ప్రకంపనల మధ్య భేదం పెద్ద, చిన్న అన్న పరిమాణభేదం. బొగ్గుబెల్టుకు అత్యవసరమైనది కారణభేదం.

7. బొగ్గును దాచిన లోయ, నేలను కదిపే లోయ

గోదావరి లోయలో బొగ్గు, భూకంపం వేర్వేరు కథలు కావు. ప్రాణహిత–గోదావరి పరీవాహకంలో భూపటలం పగిలి, రెండువైపుల భ్రంశాల నడుమ నేల కుంగి పగులులోయ ఏర్పడింది. పెర్మియన్ యుగంలో, సుమారు 30 నుంచి 25 కోట్ల సంవత్సరాల క్రితం, అక్కడ పేరుకొన్న వృక్షావశేషాలు బొగ్గుపొరలయ్యాయి. కుంగిన నేలలో ఉన్నందువల్లనే ఆ పొరలు కోతకు గురికాకుండా మిగిలాయి. గోండుల పేరును తన పేరులో నిలుపుకొన్న గోండ్వానా శిలాసమూహానికి చెందినవి ఇవి. బాయిలో పనిచేసేవారికి పొర ఉన్నట్టుండి తెగి, కిందికో పైకో జరిగి కనిపించే చోటు సుపరిచితం. వారు దాన్ని 'ఫాల్ట్' అంటారు. పాఠ్యగ్రంథాలు 'భ్రంశం' అంటాయి. బొగ్గును కాపాడిన ఈ పగులులోయలోనే భ్రంశాల వెంట ఒత్తిడి విడుదలైనప్పుడు భూకంపాలు వస్తున్నాయి.

1969 ఏప్రిల్ 13న భద్రాచలం ప్రాంతంలో వచ్చిన 5.7 పరిమాణం గల భూకంపం ఈ లోయ చరిత్రలో ముఖ్యమైనది. అంతకు రెండేళ్ల లోపే, 1967 డిసెంబరు 11న మహారాష్ట్రలోని కొయినాలో, 1993 సెప్టెంబరు 30న లాతూరు జిల్లా కిల్లారిలో సంభవించిన విధ్వంసాలు దక్కన్ పీఠభూమి కదలదన్న నమ్మకాన్ని సడలించాయి. కిల్లారి అనుభవం తరువాత, 2002 నాటి భారతీయ ప్రమాణాల పటం నుంచి ఒకటో మండలాన్ని తొలగించి రెండో మండలంలో కలిపారు. ఆ పటంలో తెలంగాణలో అధికభాగం రెండో మండలంలోనూ, గోదావరి లోయ వెంట కొంతభాగం మూడో మండలంలోనూ ఉన్నాయి.

గోదావరిఖని పేరులో కూడా ఈ వ్యాసం చర్చిస్తున్న ద్వంద్వమే ఉంది. 1960ల ఆరంభం నుంచి గనులతో పెరిగిన ఆ పట్టణం పేరులోని 'ఖని' సంస్కృతపదం. కార్మికుడు వెళ్లేది మాత్రం 'బాయికి'. కాగితం మీద ఖని, నోట్లో బాయి; కాగితం మీద ప్రకంపన, నోట్లో అదురు.

8. రెండో కంపం: బ్లాస్టింగ్

1970ల నుంచి రామగుండం ప్రాంతంలో ఓపెన్‌కాస్టు పద్ధతి విస్తరించింది. బొగ్గుమీది రాతిని తొలగించడానికి వరుసగా రంధ్రాలు వేసి, పేలుడు పదార్థం నింపి పేలుస్తారు. పేలుడు శక్తిలో కొంతభాగం రాతిని పగలగొట్టక నేలలో తరంగాలుగా ప్రయాణిస్తుంది. ఇది నిజమైన భూకదలికే. కానీ దాని మూలం ఉపరితలానికి దగ్గరగా ఉంటుంది, వేళ ముందే తెలుస్తుంది, దూరం పెరిగేకొద్దీ త్వరగా క్షీణిస్తుంది. ములుగు భూకంపం వంటిది పదుల కిలోమీటర్ల లోతున పుట్టి, ఏ హెచ్చరికా లేకుండా వందల కిలోమీటర్ల మేర ఒకేసారి తెలుస్తుంది.

అన్నింటికన్నా ముఖ్యమైన భేదం ఇది: బ్లాస్టింగ్ కదలికకు హద్దు విధించవచ్చు. గనుల భద్రత డైరెక్టరేట్ జనరల్ 1997లో జారీచేసిన సర్క్యులర్ ఆ హద్దులను నిర్ణయించింది. గని యాజమాన్యానికి చెందని నివాసగృహాల వద్ద నేల కణాల గరిష్ఠవేగం, తరంగాల పౌనఃపున్యం 8 హెర్ట్జ్‌లకు లోపైతే సెకనుకు 5 మిల్లీమీటర్లు, 8 నుంచి 25 హెర్ట్జ్‌ల మధ్య 10, 25 దాటితే 15 మిల్లీమీటర్లు మించరాదు. యాజమాన్యానికే చెందిన, పరిమితకాలం నిలిచే గృహాలకు ఈ హద్దులు వరుసగా 10, 15, 25. గోడను పరీక్షించే కొలత, ఆ గోడ ఎవరిదన్న ప్రశ్నతో ముడిపడి ఉంది. భూకంపానికి ఇటువంటి నియమం పెట్టడం ఎవరి తరమూ కాదు. హద్దు ఉన్నచోట హద్దు మీరడమూ, దానికి జవాబుదారీ ఉంటాయి. హద్దే లేనిచోట మిగిలేది సహాయం, సానుభూతి.

కొలతల పదజాలంలోనూ ఇటువంటి కలగలుపే ఉంది. వార్తల్లో 'రిక్టర్ స్కేలుపై తీవ్రత 5.3' అని రాయడం అలవాటు. 5.3 అనేది భూకంపం విడుదల చేసిన శక్తిని సూచించే పరిమాణం. ఒక భూకంపానికి అది ఒక్కటే ఉంటుంది. తీవ్రత అంటే ఆయా చోట్ల కలిగిన ప్రభావం. అది మేడారంలో ఒకటి, గోదావరిఖనిలో ఒకటి, హైదరాబాదులో మరొకటి. పరిమాణం ఒక అంకె పెరిగితే శక్తి సుమారు 32 రెట్లు పెరుగుతుంది. 2021 నాటి 4.0తో పోలిస్తే 2024 నాటి 5.3 విడుదల చేసిన శక్తి సుమారు 90 రెట్లు. అయినా ఒక గోడకు అంతిమంగా లెక్క, ఆ గోడ పునాది దగ్గర నేల ఎంత కదిలిందన్నదే. సమీపంలోని చిన్న పేలుడు దూరపు భూకంపం కన్నా ఆ గోడను ఎక్కువగా కదపగలదు. పెద్ద, చిన్న అన్న విభజనతో భూకంపాన్నీ ప్రకంపననూ వేరుచేయడం ఈ కారణంగానూ నిలవదు.

9. ముగింపు

భూకంప శబ్దం కదలికను మాత్రమే చెప్పి కారణాన్ని విడిచిపెట్టింది. సిద్ధాంతాలు మారుతున్న కాలాల్లో ఆ మౌనం దానికి బలమైంది. ప్రకంపన శబ్దం మహావాతం స్థాయి నుంచి స్వల్ప కదలిక స్థాయికి దిగి, ఆ క్రమంలో ప్రకృతి కదలికనూ మనిషి చేసిన కదలికనూ ఒకే గొడుగు కిందికి తెచ్చింది. నేలను కదిపేవి రెండున్న బొగ్గుబెల్టులో ఆ మౌనం బలం కాదు, లోపం.

కొత్త పదాన్ని సృష్టించవలసిన పని లేదు. భ్రంశాల కదలిక వల్ల పుట్టినది ఎంత చిన్నదైనా 'స్వల్ప భూకంపం' అనవచ్చు. పేలుడు వల్ల పుట్టినదాన్ని 'బ్లాస్టింగ్ ప్రకంపన' అని కారణంతో కలిపి చెప్పవచ్చు. పరిమాణాన్ని పరిమాణమనీ, తీవ్రతను తీవ్రతనీ అంటే సరిపోతుంది. నేల కదిలిందని ఒకలా, ఇల్లు దద్దరిల్లిందని మరోలా చెప్పే వాడుకభాష ఈ భేదాన్ని ఎప్పుడో గుర్తించింది. శాస్త్రపరిభాషా, పత్రికాభాషా ఆ మెలకువను అందుకోవడమే మిగిలింది. గోడ మీది బీట ఎవరి లెక్కలోకి వెళ్లాలో తేల్చేది కొలత. ఆ కొలతకు దారి తీసేది మాత్రం సరైన పేరు.